కొంగదిబ్బ శవాసనం

దగ్గరికి జరగండి. వల బాగుచేసుకునేవాళ్ళు చేతులాడించుకోండి, నోళ్ళు మాత్రం కట్టిపెట్టండి. ఆ వెనక గుసగుసలాడే ఆడవాళ్ళకి కూడా కలిపే చెప్పేది. కొంగదిబ్బలో ఒక మనిషి చావకుండానే పీనుగై పడవెక్కిన కథ ఇది. ఇందులో ఒక్క ముక్క అబద్ధముంటే పులికాటు ఎండిపోవాలి. ఎండాకాలం ఎటూ ఎండుతుంది, అది లెక్కలోకి రాదు.

కొంగదిబ్బ అంటే పులికాటు సరస్సు నడుమ దీవి. బియ్యం రావాలన్నా, పెళ్ళికూతురు రావాలన్నా పడవే. అక్కడ ముత్యాలయ్య అని ఒక జాలరి. తుఫానులో పడవ బోల్తాపడితే ఒక పూటంతా తెడ్డు కరుచుకుని తేలాడు. మనిషి ఒడ్డుకొచ్చాడు గానీ నిద్ర నీళ్ళలోనే ఉండిపోయింది. ఎనిమిది నెలలు. పడవ చూస్తే వెనక్కి తిరిగి పాకలో దూరేవాడు. దానికి తోడు పాత షుగరు. భార్య కామాక్షమ్మ నాయుడుపేట డాక్టరు దగ్గరికి లాక్కుపోతే ఆయన రెండు రకాల మాత్రలు రాశాడు, ఒకటి షుగరుకి, ఒకటి మనసుకి. షుగరు మాత్ర నలుగురిలో మింగేవాడు. రెండోదాన్ని ఎవడో పిచ్చిమాత్ర అన్నాడని, దొంగచాటుగా చుట్ట కాల్చేవాడిలా పాక వెనక్కి పోయి మింగేవాడు. ఎలా మింగితేనేం, కునుకు కొంచెం కొంచెం తిరిగొస్తోంది. కామాక్షమ్మకి కావలసిందల్లా అదే. మొగుడు పడుకోవాలి, లేవాలి, మళ్ళీ పడవెక్కాలి.

సరిగ్గా అప్పుడు కావలి నుంచి దిగాడు యోగచికిత్స శివశంకర్ గురువు. కాషాయం చొక్కా, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారం. తుఫాను షెల్టరులో పది రోజుల శిబిరం. షుగరు, బీపీ, కీళ్ళు, దిగులు, అన్ని తాళాలకీ ఆయన దగ్గర ఒకటే చెవి. మాత్రలు విషమన్నాడు. రోజూ పొద్దున్నే చెంబెడు బెల్లం పానకం పోసి, ఇదే మందన్నాడు. ముత్యాలయ్యకి ప్రాణం లేచొచ్చింది. పిచ్చిమాత్ర మానెయ్యమని అంత పెద్దమనిషే చెబుతుంటే వద్దంటాడా. రెండు రకాలూ కలిపి సరస్సులోకి విసిరాడు. ఆ వారం అక్కడ పడిన రొయ్యలు వలలోనే గురక పెట్టాయని చెప్పుకుంటారు.

షుగరున్నవాడికి పానకం పోయడం ఏం వైద్యమని కామాక్షమ్మ గురువు మొహం మీదే అడిగింది. చక్కెర వికృతి, బెల్లం ప్రకృతి అని ఆయన సెలవిచ్చాడు. ప్రాస కుదిరితే మన జనానికి రుజువు అక్కర్లేదు కదా, అందరూ తలలూపారు.

ఇక ఆసనాలు. పుట్టింది మొదలు పడవ మీద బతికినవాళ్ళని, కాళ్ళూ చేతులూ గాల్లోకెత్తి పిర్రల మీద ఊగితే అదే నౌక అని నమ్మించాడు. మత్స్యమంటే ఇదీ అని వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ములెత్తించాడు. వెల్లకిలా తేలిన చేప చచ్చి రెండు రోజులైందని ఆ దీవిలో పాలు తాగే బిడ్డకీ తెలుసు. అయినా అందరూ రొమ్ములెత్తారు. ముత్యాలయ్య మాత్రం ఎండుతున్నాడు. కుండలు కుండలు నీళ్ళు తాగి, గంటకోసారి ఒంటికి పరిగెత్తుతున్నాడు. విషం దిగిపోతోందని గురువు మురిసిపోయాడు.

పదో రోజు ముగింపు. శిబిరంలో చేరిన ఇరవై మందికీ తెల్లపంచెలిచ్చి, ఫోటో బాగా పడాలని ఒడ్డున ఇసుకలో వరసగా పడుకోబెట్టాడు. తలలు దక్షిణానికి పెట్టించాడు. ఎండ తగలకుండా పంచెలు మొహాల దాకా కప్పించాడు. ఇది శవాసనం, కదిలినవాడికి ఫలం దక్కదన్నాడు.

అప్పుడొచ్చింది ఎండుచేపల గంపతో చెంచమ్మ. దక్షిణం తలలు. తెల్లగుడ్డలు. ఇరవై. గంప వదిలేసి గుండెలు బాదుకుంది. ఆ శోకం విన్న ఆడవాళ్ళు ఎవరు పోయారని అడగలేదు, ముందు ఏడ్చి తర్వాత అడగడం అక్కడి మర్యాద. పాళెం పెద్ద పొన్నుసామి శంఖం ఊదించాడు. ఆ శంఖం మోగిందంటే దీవిలో చావని అర్థం. పీనుగు మట్టిలో కలిసేదాకా ఏ పడవా నీళ్ళలోకి దిగకూడదు. తాతల నాటి కట్టుబాటు.

గోలకి పీనుగులు ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. ఒక పీనుగు బీడీ అడిగింది. పంతొమ్మిది లేచాయి. ఇరవయ్యోది లేవలేదు.

కామాక్షమ్మ గుడ్డ తీసి చూసింది. ముత్యాలయ్య. ఆమెకి మొదట వచ్చింది సంతోషం, ఎనిమిది నెలల నిద్ర ఒక్కసారే పట్టిందని. అరవమాకండని అందరి నోళ్ళూ మూయించింది. తర్వాత చెయ్యి గిల్లింది. చెంప మీద కొట్టింది. ఉలుకు లేదు. నాలుక అట్ట కట్టింది, ఊపిరి తరుముకొచ్చినట్టు ఆడుతోంది.

"స్వామీ, ఈయన్ని లేపు."

"తాకకండమ్మా, సమాధిలోకి వెళ్ళారు. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో ఇదే మొదలు" అని గురువు ఫోను తీసి ఫోటో కొట్టాడు.

కామాక్షమ్మ ఆ ఫోను లాక్కుని నూట ఎనిమిదికి కొట్టింది. అవతలి ఒడ్డుకి బండి వస్తుందన్నారు. పడవ తొయ్యబోతే పొన్నుసామి అడ్డం నిలిచాడు. శంఖం ఊదినాక పడవ దిగదన్నాడు.

"ఎవురు చచ్చినారని ఊదినావు మావా? చూపియ్యి."

పొన్నుసామి వెతికాడు. చచ్చినవాడు ఒక్కడూ దొరకలేదు. అలాగని ఊదిన శంఖాన్ని వెనక్కి పీల్చుకోలేడు. ఇలాంటిదానికి తాతలు ఏమీ చెప్పిపోలేదు. గడ్డం గోక్కోగా గోక్కోగా ఒకటి తట్టింది, పీనుగుని మోసే పడవకి కట్టుబాటు లేదు. అంటే ముత్యాలయ్య చచ్చుంటే ఆస్పత్రికి పోవచ్చు. బతికుంటే ఇక్కడే చావాలి.

కామాక్షమ్మ ఒక్క క్షణం తాళి పట్టుకుంది.

"అయితే పీనుగే. తొయ్యండి పడవ."

కట్టుబాటు తప్పకుండా చెంచమ్మ పడవలో దారి పొడుగునా శోకాలు పెట్టింది. అది విని, శవాలని ఎక్కించుకునేది లేదన్నారు బండివాళ్ళు. ఇంతలో శవం నీళ్ళడిగింది. ఆస్పత్రిలో చూస్తే షుగరు ఐదు వందల ఎనభై. ఆసనాలు వెయ్యమను, ఊపిరి తీసి వదలమను, మనసుకి మంచిదే, కానీ మాత్రలతో పాటే తప్ప మాత్రలకి బదులు కాదని డాక్టరు చెప్పాడు.

ఇక్కడ దీవిలో పీనుగుని పూడ్చలేదు కాబట్టి పడవలు కదల్లేదు. గురువు నాలుగు రోజులు కదల్లేదు. ఆడవాళ్ళు ఆయనకి మూడు పూటలా పానకమే పోశారు.

ఐదో రోజు పీనుగు నడిచి దిగింది. అదే పడవలో, నాయుడుపేట నుంచి ఐసుగడ్డలు తెచ్చే జకరయ్య కూడా దిగాడు. ఊరంతా ముత్యాలయ్య పాక ముందు మూగింది. కామాక్షమ్మ ఒక చేత రెండు మాత్రలు, ఒక చేత నీళ్ళు పట్టుకొచ్చింది. అతను పాక వెనక్కి జారబోతే దారికి అడ్డం నిలబడింది.

"ఈడే, అందరి ముందరే మింగు. మింగినాక పడవవుతావో చేపవుతావో నీ ఇష్టం."

ముత్యాలయ్య నలుగురినీ చూశాడు, ఆమెనీ చూశాడు. రెండూ మింగాడు. నాలుక చాపి చూపించాడు కూడా.

గురువుని తిట్టడం అప్పుడు మొదలైంది. తలా ఒక మాట అంటుంటే ఐసు జకరయ్య అడ్డుపడ్డాడు.

"ఆయన్ని ఎందుకబ్బా అంటారు? ఇరవై మందికి నేర్పితే, ఆ ఆసనం సరింగా వేసింది మన ముత్యాలన్న ఒక్కడే గదా."