ఆయ్ అనే జబ్బు

పందొమ్మిది వందల ముప్పై ఆరులో, ఏలూరు కాలువ గట్టునున్న ఓ చిన్న ఆసుపత్రికి నర్సు పని నేర్చుకోవడానికి వచ్చిన నూకరత్నానికి నెల తిరక్కుండానే ఇంటిదారి పట్టే యోగం వచ్చిపడింది. మంచాలు మార్చిన సంగతి తెలియక, సూర్యకాంతానికి పట్టాల్సిన ఆముదం ఏడో నెల కడుపుతో ఉన్న వీరరాఘవమ్మకు పట్టింది. పొద్దెక్కేసరికి ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి. దేవుడి దయవల్ల మధ్యాహ్నానికి నొప్పులు సర్దుకున్నాయి గాని, నూకరత్నం గుండె సర్దుకోలేదు. కొల్లేట్లో వలలు వేసే తండ్రి మండవల్లి ఊరంతా "మా అమ్మాయి నర్సమ్మ" అని చెప్పుకున్నాడు. ఆయనకు మొహం ఎలా చూపించడం?

పెట్టె సర్దుకుంటూంటే పెద్దనర్సు విక్టోరియా వచ్చింది.

"ఎవరు చేశారో నాకు తెలుసు. ఎలా జరిగిందో చెప్పు."

"అడిగే పట్టానండీ. 'సూర్యకాంతం గారేనాండీ?' అన్నాను. 'ఆయ్, అవునండీ' అన్నారండీ."

విక్టోరియా నవ్వలేదు, కసరలేదు. కొత్త నర్సులందరినీ వెంటబెట్టుకుని వార్డులోకి నడిచింది. మొదటి మంచం దగ్గర, "మీరు సూర్యకాంతం గారేనాండీ?" అంది. "ఆయ్, అవునండీ." రెండో మంచం దగ్గరా అదే జవాబు. చెల్లెల్ని చూడొచ్చిన మీసాల పెద్దాయన కూడా "ఆయ్" అన్నాడు! నర్సమ్మ మాట కాదనడం మా వైపు ఎవరికి చేతనవుతుంది?

"చూశారా? ఈ పిల్లని పంపేస్తే తప్పు పోతుందా? రేపు ఇంకో పిల్ల చేస్తుంది. ఇకమీదట పేరు మనం చెప్పొద్దు. 'మీ పేరేంటండీ?' అని అడగాలి. నేను చెప్పినా సరే, అడక్కుండా పట్టొద్దు" అంది విక్టోరియా.

అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం పూర్వజన్మ సుకృతం అనుకుంది నూకరత్నం. పెట్టె మళ్ళీ మంచం కిందికి తోసింది.

కొన్నాళ్ళకు, జ్వరాలతో వార్డు కిక్కిరిసిన ఓ ఉదయం, విక్టోరియా హడావిడిగా మందు గ్లాసు అందించి, "ఈవిడ ముత్యాలమ్మే కదా? పట్టు" అంది.

"ఆయ్, అవునండీ" అన్న మాట నూకరత్నం నాలిక చివరిదాకా వచ్చింది. తనను నిలబెట్టిన మనిషికి ఎదురు చెప్పడమా! అయినా మంచం వైపు వంగింది.

"మీ పేరేంటండీ?"

"వెంకటనరసమ్మండీ."

విక్టోరియా మొహం పాలిపోయింది. గ్లాసు వెనక్కి తీసుకుని, అందరికీ వినపడేలా అంది.

"తప్పు నాది. ఈ పిల్ల అడక్కపోతే జరిగిపోయేది. ఇక కొత్తగా వచ్చేవాళ్ళకి అడగడం నువ్వే నేర్పు, రత్నం."

"ఆయ్, అలాగేనండీ" అంది నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ. ఆ 'ఆయ్' మాత్రం మర్యాదకి అన్నది కాదు.