బొట్టు పెట్టిన దవడ

నేను ఒక ఇనుప దవడను. సముద్రం అడుగున బురదను ఒక్క కాటుకు కొరికి పైకి తేవడం నా ఉద్యోగం. విశ్వవిద్యాలయం వాళ్లు నాకేదో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు గానీ, పడవ నడిపే పోలయ్యకు అది నోరు తిరగలేదు. "ఓరి దవడా!" అన్నాడు. అదే స్థిరపడింది. నన్ను చేసిన లేతు మేస్త్రీ విదేశీ బొమ్మ చూసి కొట్టాడు, ఒక పన్ను కాస్త వంకర పోయింది. ఆ వంకర పన్నుతోనే మా రేవు ముందున్న ఈ చిన్న అఖాతమంతా రుచి చూశాను.

మనుషుల తమాషా చెబుతాను వినండి. ప్రవాహాలు కొలిచేవాళ్లకు నీళ్లుంటే చాలు, నన్ను పూచికపుల్లలా చూస్తారు. పురుగుల షకీలా బురదను జల్లెడలో కడిగేసి, మిగిలిన పురుగులను చూసి మురిసిపోతుంది. ఆ కడిగేసిన బురదే మట్టి సౌదామినికి కావాలి. నేను తెచ్చేది గుప్పెడు, దాని కోసం రోజూ తగవు!

ఒడ్డున ఉన్న ఎర్రదిబ్బల మట్టి వానలకు కొట్టుకొచ్చి అఖాతం నడిమధ్యకు చేరుతుందని సౌదామిని వాదన. ఆమె పరిశోధనంతా దాని మీదే నిలబడింది. నేనేమో ఎన్నిసార్లు దిగినా అక్కడ నల్ల బురదే తెచ్చాను. పాపం, ఆ పిల్ల ముఖం చూస్తే నాకే సిగ్గేసేది. "దసరా వెళ్లాక ఒక్కసారి వెళ్దాం. ఆపైన పడవ ఇప్పించలేనమ్మా" అని ఆమె పరిశోధనకు గైడైన అవధాని మాస్టారు తేల్చేశారు.

ఆయుధపూజనాడు సౌదామిని తన మొక్కులన్నీ నా మీదే పెట్టింది. పసుపు పూసి, పళ్ల సందుల దాకా కుంకుమ అద్దింది. కీళ్లకు పట్టించిన గ్రీజులో అదంతా అతుక్కుపోయింది.

పండగ వెళ్లిన మర్నాడు నడిమధ్య నన్ను దించారు. పైకొచ్చి నోరు తెరిచానో లేదో, బురదలో ఎర్ర చారలు!

"మాస్టారూ, వచ్చేసింది! ఎర్రమట్టి!" అని సౌదామిని గంతులేసింది. మాస్టారి కళ్లు చెమర్చాయి.

"గంగమ్మతల్లి ఇచ్చినాదమ్మా, మూటగట్టీ!" అన్నాడు పోలయ్య.

సౌదామిని ఒక చారను వేళ్ల మధ్య నలిపింది. మట్టయితే గరగరలాడాలి, ఇది జిడ్డుగా ఉంది. వేళ్లు వాసన చూసుకుని, నా కీళ్లకేసి చూసింది. ఇంకెవరూ ముట్టుకుని చూడలేదు. నోరు మూసుకుంటే పట్టా చేతికొచ్చినట్టే. అయ్యో తల్లీ, ఏం చేస్తావో అని నాకు ఒకటే గుబులు.

"ఇది గంగమ్మది కాదు బాబాయ్" అంది చివరికి. "నేను పెట్టిన కుంకుమ."

షకీలా ఫక్కున నవ్వి, వెంటనే ఆమెను దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ కలిసి నన్ను సబ్బుతో తోమారు. మళ్లీ దిగాను. మళ్లీ నల్ల బురదే.

సౌదామిని కళ్లు తుడుచుకుంది. "పడవ ఒడ్డువైపు తిప్పు బాబాయ్. అసలు మట్టి తగిలేదాకా దింపుకుంటూ పోదాం."

పోయాం. పొద్దువాలే వేళకు, ఒడ్డు దగ్గర పడ్డాక, గరగరలాడే ఎర్రమట్టి నా నోటికి తగిలింది. అబ్బ, ఏం రుచి!

సౌదామిని మౌఖిక పరీక్షనాడు నన్నూ బల్లమీద కూర్చోబెట్టారు. "మీ మట్టి నడిమధ్యకు చేరనే లేదు కదమ్మా, మరి మీరు కనిపెట్టిందేమిటి?" అని అడిగాడు బయటి నుంచి వచ్చిన పెద్దాయన.

"ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టానండి."

పెద్దాయన కలానికి మూత పెట్టాడు. "కూర్చోండి, డాక్టరు గారూ" అన్నాడు.