నీలం పోగు

వాషింగ్ మెషీన్‌లో నూగు పట్టే చిన్న సంచి ఒకటుంటుంది. వారానికోసారి దాన్ని తిరగేసి, తడి నూగును వేలితో గీకి పారేయాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ పని నాదే. అలాంటి సంచి ఒకటుందని మా ఆయన శ్రీకృష్ణకి ఇప్పటికీ తెలియదు. ఆ గురువారం పొద్దున గీకుతుంటే నా చేయి ఆగిపోయింది. వేలికంటిన నూగు నీలంగా ఉంది. ముందురోజు లాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూసిన నీలమే.

నేను నీటి పరీక్షల లాబ్‌లో పనిచేస్తాను. జూబ్లీహిల్స్‌లో, ఒక డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో. మెట్ల మీద ఆర్టిస్టులు టీ తాగుతూ ఏడుపులు సాధన చేస్తుంటారు. మంజీర నీళ్ళలో, వాటిని శుద్ధి చేసి కుళాయిలకు వదిలే నీళ్ళలో, కంటికి ఆనని ప్లాస్టిక్ ఎంతుందో చూసే పని మొదటిసారి నాకు అప్పగించారు. రిపోర్టు మీద నా పేరే ఉంటుంది. నమూనాల పక్కనే, వడపోసిన శుభ్రమైన నీళ్ళు ఒక గిన్నెలో పెడతాం. అందులో ఏమీ కనబడకూడదు. కనబడితే తప్పు నదిది కాదు, మనది. నా గిన్నెలో నీలం పోగులు కనబడ్డాయి. మా పెద్దసారు కమలాకర్ గారు కోప్పడనైనా లేదు. "ఇంటి ఫికర్ నెత్తిన పెట్టుకొని వస్తే గిట్లనే ఉంటదమ్మా. సోమవారం నుంచి ఈ పని మన తిరుమలేశ్ చూస్తడు. నువ్వు రిసెప్షన్ల కూసో," అన్నారు జాలిగా. ఆ జాలికే ఒళ్ళు మండింది.

ఇప్పుడు తెలిసింది, ఆ పోగులు నా కుర్తావి. పైన నూలు కోటు వేసుకున్నా కుర్తా చేతులు బయటికే ఉంటాయి. బీరువా తెరిచాను. అచ్చమైన నూలు బట్ట ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? గంజి పెట్టి ఇస్త్రీ చేసే తీరిక నాకెక్కడిది? ఉతికి ఆరేస్తే చాలు, నీకే సుఖమంటూ శ్రీకృష్ణ కొనిపెట్టినవన్నీ ప్లాస్టిక్ దారాలే. ఆ సుఖం నా గిన్నెలో తేలింది. సంచికి చిక్కనిదంతా మా ఫిల్మ్‌నగర్ కాలువల్లోంచి మూసీలోకి పోతోంది.

ఆదివారం మళ్ళీ నీళ్ళు తెచ్చి చూస్తానని కమలాకర్ గారిని బతిమాలితే, సోమవారం పొద్దుటిదాకా ఆగుతానన్నారు. ఇంట్లో చెబితే మరో చిక్కు. ఆ ఆదివారమే శ్రీకృష్ణ వాళ్ళ మేనేజరు, తన భార్యతో కలిసి మా ఇంటికి భోజనానికొస్తున్నాడు. గచ్చిబౌలిలోని వాళ్ళ ఆఫీసులో ప్రమోషన్లిచ్చే కాలం అది.

"నీళ్ళెక్కడికి పోతాయి? వచ్చేవారం తెచ్చుకో," అన్నాడు శ్రీకృష్ణ ఫోన్లోంచి తలెత్తకుండా.

మా అత్తగారు బాలాత్రిపురసుందరి గోంగూర ఒలుస్తూ వింటున్నారు. ఆవిడ నూలు తప్ప కట్టరు, తన చీరలకు తనే గంజి పెట్టుకుంటారు. కొడుక్కి ఆ ఫెళఫెళలంటే వేళాకోళం. ఆకు పక్కన పెట్టి లోపలికెళ్ళి, మంగళగిరి చీర ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

"ఇది కట్టుకెళ్ళు. వంట మావాడు చేస్తాడు. చదువుకునే రోజుల్లో నేనే నేర్పాను. నువ్వొచ్చాక మర్చిపోయాడు."

నాకు ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో నా ఉద్యోగాన్ని ఉద్యోగంగా చూసిన మొదటి మాట అది. ఇన్నాళ్ళూ ఆవిడ మౌనాన్ని కొడుకు వైపు లెక్కేసుకున్నాను.

ఆదివారం ఆ చీరలోనే మంజీర ఒడ్డున, ఆ తర్వాత నీటిశుద్ధి కేంద్రంలో గాజు సీసాలు నింపాను. ఆ చీరలోనే వడపోశాను. సోమవారం పొద్దున చూస్తే, నది నీళ్ళలో రంగురంగుల పోగులున్నాయి. శుద్ధి చేసిన నీళ్ళలో బాగా తగ్గాయి గానీ, లేకపోలేదు. నా గిన్నెలో మాత్రం ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. కమలాకర్ గారు వంగి చాలాసేపు చూసి, "రిపోర్టుల నీ పేరే రాయమ్మా," అన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తయ్య చేతులు పట్టుకున్నాను. శ్రీకృష్ణ కాలిన వేలికి మందు రాసుకుంటూ, తన పప్పును మేనేజరు రెండుసార్లు వడ్డించుకున్నాడని మళ్ళీ చెప్పాడు. నిజంగానే సంతోషపడ్డాను.

ఇకనుంచి రోజూ నూలు చీరలే కడతానని చెప్పాను. మరి గంజి, ఇస్త్రీ ఎవరు చేస్తారన్నాడు శ్రీకృష్ణ.

నేను అత్తయ్య వైపు చూశాను.

"అవీ నేర్పాను," అన్నారావిడ.