ఎవరూ అడగని కమాండ్

ఈ కుర్చీ చక్రం మళ్ళీ కిర్రుమంటోంది, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నూనె వెయ్యరు, తనే ఓ చిన్న సీసా తెచ్చుకుంటే పోలా, అనుకుంటూ ఆమె తెరవైపు తిరిగేసరికి మళ్ళీ అదే ఎర్ర వరుస, షుగర్ యాప్ అడిగింది, ఫోను మోటారును గట్టిగా అదరగొట్టమని, అనుమతి లేదు, ముప్ఫై సెకన్ల క్రితమూ ఇదే, అంతకు ముందూ ఇదే, నిన్న ప్రయోగానికని కొత్త అప్‌డేట్ వేసిన వెయ్యి ఫోన్లలో ఏదో ఒకటి, ఎవరికో ఒంట్లో చక్కెర పడిపోతోంది, నిద్రలో ఉన్నారు కాబోలు, లేపుదామని యాప్ నానా తంటాలూ పడుతోంది, ఏ యాప్ ఏ పరికరానికి ఏ కమాండ్ ఇవ్వచ్చో తేల్చే కెర్నల్ కుదరదంటోంది, కుదరదనమని దానికి నేర్పింది తనే.

ఏ యాప్ ఏ కమాండ్ వాడుతోందో మూడు వారాలు కాపు కాసి మరీ రాసింది ఆ అనుమతుల జాబితా, మునుపైతే మోటారు మొత్తానికీ ఒకటే అనుమతి, ఇస్తే అన్నీ ఇచ్చినట్టే, ఇప్పుడు కమాండు కమాండుకీ విడిగా, వాడినవి ఉంచి వాడనివి మూసెయ్యడం, పరీక్ష ఫోన్లన్నీ ఆఫీసు వాళ్ళవే, గుండ్రాళ్ళలా ఉన్న మనుషులు, మోత వినపడనివాళ్ళని లేపే గట్టి అదురు ఒక్కరికీ అవసరపడలేదు, ఎవరూ అడగనిదానికి తలుపు తీసి పెట్టడమెందుకమ్మా, కొట్టెయ్ అన్నాడు టీమ్ పెద్దాయన, కొట్టేసింది, ఎంత మురిసిపోయిందో, ఇంటికెళ్ళి చేతులతో గాల్లో తలుపులు మూసి చూపిస్తే అక్క పగలబడి నవ్వి, అయ్యో, అక్క.

చిన్నప్పటి జ్వరంలో వినికిడి పోయిన అక్క, చేతికి షుగర్ కొలిచే బిళ్ళ అంటించుకుని, ఫోను చెంప కింద పెట్టుకుని ఈ వేళకే కునుకు తీసే అక్క, చెల్లి పని కదా అని ఎగబడి ప్రయోగంలో చేరిన అక్క, వరుసలో పేరు లేదు, ఊరు లేదు, ఫోను ఎవరిదో తెలియకూడదని పట్టుబట్టింది కూడా తామే, మెసేజ్ పెట్టింది, అక్కా లేచావా, ఇంకోటి, అక్కా పలుకు, ఇంకోటి, పెద్దాయన వెనక నిలబడి, సరిచేసి పంపేద్దాంలే అన్నాడు, పంపినా ఫోను ఒకసారి ఆపి వేస్తేగానీ ఎక్కదు కదండీ, నిద్రపోయేవాళ్ళు ఎలా ఆపుతారు, అంది, మరో వరుస, అప్పుడు తన ఫోను టింగుమంది, ఏంటే ఈ గోల, పక్కింటావిడతో పేకాడుతున్నా, కొంపలేమైనా అంటుకున్నాయా.

దేవుడా, బతికించావు, నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, పేకాడుకోవే తల్లీ, రోజంతా ఆడుకో, ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఎర్ర వరుస ఇంకొకటి పడింది.

అక్కది కాదు, మరెవరిదో, మెసేజ్ పెడదామంటే నంబరు లేదు, ఎవరినైనా పంపుదామంటే ఇల్లు తెలియదు, ఆ మనిషి ఇంకా లేవలేదు, ఫోను ఇంకా అడుగుతూనే ఉంది, తనేమో అక్క కాదని తెలియగానే హమ్మయ్య అనుకుని నవ్వింది, జాబితా రాసిన రోజూ చేసింది ఇదే, తన కంట పడనివాళ్ళని లేనివాళ్ళ కింద జమకట్టేసింది.