చింతచెట్టు చుట్టుకొలత

నేను ఒక బట్టలు కొలిచే టేపుని. పసుపు రంగు ఒళ్ళు, అరవై అంగుళాల పొడవు, రెండు చివర్లా ఇత్తడి రేకులు. ఎక్కడ పుట్టానో సరిగ్గా తెలియదు. ఒక యంత్రం నా ఒంటి మీద అంకెలు కొట్టడం, పక్కనే నాలాంటివాళ్ళు వందలకొద్దీ చుట్టలు చుట్టుకుని పడి ఉండడం మాత్రం గుర్తు. లోకమంతా అబద్ధం చెప్పినా నేను చెప్పనని అప్పట్లో నాకు మహా గర్వం.

నన్ను కొన్నది కనకలక్ష్మి. హనుమకొండ శివార్లలో చింతల బాట అనే రోడ్డు పక్కన ఆమెకు రెండు గదుల ఇల్లుంది. కుట్టుమిషను మాత్రం ఇంట్లో పెట్టుకోలేదు. లోపల ఉక్క, చీకటి. వాకిలి ముందున్న పెద్ద చింతచెట్టు కింద గాలి, వెలుతురు, దారిన పోయేవాళ్ళ ముచ్చట్లు. భర్త పోయినప్పటి నుంచి ఆ నీడే ఆమెకు దుకాణం.

ఆమె మెడలో వేలాడుతూ మనుషుల సంగతి కొంత తెలుసుకున్నాను. నడుం కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టని మనిషిని నేను చూడలేదు. కొలత అయ్యాక హాయిగా ఊపిరి వదులుతారు, వారం తర్వాత వచ్చి జాకెట్టు బిగుతుగా కుట్టావని కనకలక్ష్మి మీద పడతారు. ఒకరోజు కత్తెర జారి నా మొదటి రెండంగుళాలు తెగిపోయాయి. నా గర్వం కూడా ఆ ముక్కతోనే పోయింది. ఆమె మాత్రం నన్ను పారేయలేదు. నేను ముప్పై ఆరు చూపిస్తే ముప్పై నాలుగు రాసుకునేది. కొత్తది కొనుక్కోరాదా అని ఎవరన్నా అంటే, దీని తప్పు నాకు ఎరుకే కదా అనేది. అలా పదేళ్ళు గడిచాయి.

అప్పుడు సుచరిత వచ్చింది. బెల్లంపల్లిలో బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన పిల్ల, యూనివర్సిటీలో బాటనీ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. కనకలక్ష్మి ఇంట్లో రెండో గది అద్దెకు తీసుకుంది. తల్లి వెంట వచ్చి ఇనప్పెట్టె, బకెట్టు, పచ్చడి డబ్బాలు సర్ది, పిల్లను అప్పజెప్పి బస్సెక్కింది. ఆ పిల్ల మొదటి వారం నోరు విప్పలేదు. క్లాసులు ఏ బిల్డింగులో జరుగుతాయో తెలియక తిరిగేది. మెస్సులో ఒక్కతే తిని వచ్చేది. సాయంత్రాలు స్టూలు తెచ్చుకుని మిషను పక్కన కూర్చోవడం మొదలుపెట్టాక కాస్త మాటలు వచ్చాయి. జాకెట్లకు హుక్కులు కుట్టడం నేర్చుకుంది. మొదట్లో ఆంటీ అన్నది, నెల తిరిగేసరికి పెద్దమ్మా అనసాగింది.

ఆ చలికాలం రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట పుట్టింది. బాట పొడవునా రెండు వందల పైచిలుకు చింతచెట్లు. రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన, కొందరు యూనివర్సిటీ పిల్లలు కలిసి చెట్ల కోసం సంఘం పెట్టారు. సుచరిత బెరుకుగా వెళ్ళి చివర నిలబడింది. చెట్ల సంగతి అడిగితే ఆ పిల్లకు మాటలు తడుముకోవాల్సిన పని లేదు. నాలుగు వారాల్లో ఆమెకు స్నేహితులు దొరికారు, మెస్సులో పక్కన కూర్చునేవాళ్ళు దొరికారు. కనకలక్ష్మి దుకాణాన్ని కాపాడేది తానేనన్న ధీమా కూడా వచ్చింది.

లెక్కపెట్టే ఆలోచన ఆమెదే. ప్రతి చెట్టుకూ తెల్లరంగుతో నెంబరు వేయాలి, చుట్టుకొలత తీసి రిజిస్టరులో రాయాలి, ఒక కాపీ రోడ్లశాఖ ఆఫీసులో ఇవ్వాలి. లెక్కలో ఉన్న చెట్టును ఎవరూ చాటుగా కొట్టలేరని ఆమె వాదన. అందరికీ నచ్చింది. నాలుగు జట్లయ్యారు, సుచరిత జట్టుకు టేపు లేకపోయింది. కనకలక్ష్మి ఆ రోజు పెళ్ళివాళ్ళ జాకెట్ల హడావుడిలో ఉంది. తల కూడా ఎత్తకుండా నన్ను మెడలోంచి తీసి ఇచ్చేసింది. రెండంగుళాల సంగతి చెప్పడం మరిచిపోయింది.

చెట్లు ఊపిరి బిగబట్టవు. ఉన్నది ఉన్నట్టు నిలబడి కొలిపించుకున్నాయి. వాటి నడుముకు నేను ఒక్కసారి చాలను, రెండుసార్లు, మూడుసార్లు పట్టాలి. పట్టిన ప్రతిసారీ నాలోని తప్పు రెండంగుళాలు పెరుగుతూ పోయింది. సుచరిత శ్రద్ధగా రాసుకుంటోంది. ఆపమని చెప్పడానికి నాకు నోరు లేదు. కనకలక్ష్మి చెట్టుకు అరవై ఒకటో నెంబరు పడింది. మూడుసార్లు చుట్టి నూట ముప్పై ఆరంగుళాలని రాశారు.

"నా చెట్టుకు గూడ ఆధార్ కార్డొచ్చింది" అని కనకలక్ష్మి నవ్వింది.

ఆఫీసులో వాళ్ళకు మర్యాద బాగా జరిగింది. కుర్చీలు వేశారు, చాయ్ ఇప్పించారు, ఇంత పద్ధతిగా పనిచేసే పిల్లల్ని చూడలేదని మెచ్చుకుని రిజిస్టరు తీసుకున్నారు. ఆ సాయంత్రం సుచరిత మిషను పక్కన కూర్చుని గలగలా మాట్లాడుతూనే ఉంది.

రెండు నెలల తర్వాత అరవై ఒకటో చెట్టు మీద కాగితం అంటించి వెళ్ళారు. చెట్ల వేలం ప్రకటన. నెంబర్లు, కొలతలు వరసగా ఉన్నాయి. సుచరిత పైకి చదివింది. ఆఫీసు మనుషులు వచ్చి మళ్ళీ లెక్కపెట్టుకుని ఉంటారని అన్నది. కనకలక్ష్మి తన చెట్టు కొలత ఎంత రాశారని అడిగింది.

"నూట ముప్పై ఆరంగుళాలు, పెద్దమ్మా."

కనకలక్ష్మి చెట్టు వైపు చూసింది. గిరాకీ లేని రోజుల్లో పొద్దుపోక ఆమె ఆ చెట్టును ఎన్నిసార్లు కొలిచిందో నాకే తెలుసు. మెడలోంచి నన్ను తీసి, తెగిన కొస ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నా చెట్టు నూట ముప్పయ్యే బిడ్డా. దీనికి రెండంగుళాలు లెవ్వు. మూడు పట్లకు ఆరెక్కువ చెప్తది. ఇది సర్కారోళ్ళ కొలత గాదు, నా టేపుది."

సుచరిత ఆ తెగిన కొసను వేళ్ళతో తడిమి చూసింది. తర్వాత మాస్టారు కనుక్కుని వచ్చారు. కొలిచే మనుషులు లేక వేలం పని ఏడాదిగా ఆగి ఉందట. పిల్లల రిజిస్టరు చేతికి రాగానే చకచకా కదిలిందట.

"నాదే తప్పు బిడ్డా. టేపు ఇచ్చేటప్పుడే చెప్పాల్సింది" అన్నది కనకలక్ష్మి.

"టేపుది గాదు పెద్దమ్మా, నీది గాదు. లెక్క రాసిచ్చింది నేను."

సంఘం వాళ్ళు మూడు రోజులు చెట్ల కింద కూర్చున్నారు. పోలీసులు వచ్చి వ్యానెక్కించారు. నాలుగు రోజుల్లో బాట ఖాళీ అయింది. అరవై ఒకటి రెండో రోజే పడింది. కనకలక్ష్మి మిషను లోపలికి జరుపుకుని తలుపు వేసుకుంది, రంపం చప్పుడు ఆగేదాకా తీయలేదు. నాకు ఏడుపు రాదు కానీ, ఆ రోజు ఆమె మెడలో ఉండడం నాకు చాలా కష్టమైంది.

అప్పటి నుంచి నేను ఒక్క సంగతే ఆలోచిస్తున్నాను. నేను నిఖార్సైన టేపునై ఉంటే వేలం కాగితంలో నూట ముప్పై అని ఉండేది. ఆ అంకె ఎక్కడిదని ఎవరూ అడిగేవారు కాదు. చెట్లు ఎలాగూ పోయేవేమో కానీ, ఆ పిల్లకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. మాస్టారు ఎంత నచ్చజెప్పినా ఆమె మళ్ళీ మీటింగులో మాట్లాడలేదు.

గది ఖాళీ చేస్తానంటే కనకలక్ష్మి ఒప్పుకోలేదు. సుచరిత ఆమెకు కొత్త టేపు కొనిచ్చింది, నన్ను ఆమె దగ్గర అడిగి తీసుకుని తన గదిలో మేకుకు తగిలించుకుంది. కొత్త టేపు ఒక్క అంగుళం కూడా తప్పు చెప్పదు. పదేళ్ళ అలవాటు కొద్దీ కనకలక్ష్మి దాంట్లోంచి కూడా రెండు తీసేస్తోంది. జాకెట్లు నిజంగానే బిగుతవుతున్నాయి. ట్యూబులైటు కింద కూర్చుని కుట్లు విప్పుకుంటూ ఉంటుంది. వచ్చేవాళ్ళు కూడా తగ్గారు.

ప్రతి ఆదివారం బెల్లంపల్లి నుంచి తల్లి ఫోను చేస్తుంది. మొన్న ఆమె అడిగింది, ఎండలు ముదిరాయి కదా, ఆ రేకుల గదిలో ఎట్లా ఉంటున్నావని. గోడకు ఒరిగి కూర్చున్న సుచరిత కిటికీ వైపు చూసింది. బయట తెల్లటి ఎండ, కొత్త రోడ్డు.

"మంచిగనే ఉన్నదమ్మా. ముంగట చింతచెట్టున్నది గద, సల్లగ ఉంటది."

నేను ఆరంగుళాలే ఎక్కువ చెప్పాను. ఆమె మొత్తం చెట్టునే చెప్పింది.