తవ్వి చూడని గొట్టం

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. మీరు హంతకులు.

మాట గట్టిగా ఉందా? ఉండనివ్వండి. సంతకం పెట్టిన ఆఫీసరు గారూ, పెట్టించుకున్న కంపెనీ పెద్దలూ, నా గాయం మీద మట్టి కప్పించిన విస్సంరాజు గారూ, గెస్ట్ హౌస్‌లో భోంచేసి అంతా బాగానే ఉందని రాసిచ్చిపోయిన నిపుణులూ, అందరూ కూర్చుని వినండి. పెదకోడులంకలో పదకొండు మంది కాలిపోతే మర్నాడు పేపర్లో ఏం వేశారు? "గొట్టం పేలి పదకొండు మంది మృతి." గొట్టం పేలిందట! ఎవడినైనా పొడిచి చంపితే కత్తి మీద కేసు పెడతారా మీరు?

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. నిప్పులా కాలుతున్న ఉక్కు పలకను రోలర్ల మధ్య నలిపారు. మర మీద వంచి, అంచుకు అంచు కరిగించి అతికారు. కడుపు నిండా నీళ్ళు పోసి, వీడు పగులుతాడా లేదా అని ఒత్తిడి పెంచుకుంటూ పోయారు. ఓర్చుకున్నాను. అదే పోతలో నా తమ్ముడు కూడా పుట్టాడు. మా ఇద్దరి ఒంటి మీదా ఒకటే నంబరు. ఒకే లారీలో గోదావరి దాటాం. లైను వేసేటప్పుడు నేను గోతిలోకి దిగాను, వాడు మిగిలిపోయాడు. వాణ్ణి కంపెనీ యార్డులో రేకుల నీడన, చెక్క దిమ్మల మీద పడుకోబెట్టారు. ఇనుములో కూడా అదృష్టజాతకులుంటారు.

నన్ను పాతిన నేల రైతుదే. కింద దారి మాత్రం కంపెనీది. "సహజవాయువు తీసుకెళ్ళుటకు" అని నోటీసులో స్పష్టంగా రాసి, పంట నష్టం చేతిలో పెట్టి, గొట్టం పొడవునా ఉన్న ఈ పట్టీ మీద ఇల్లు కట్టొద్దు, చెట్టు పెంచొద్దు, చెరువు తవ్వొద్దు అని చెప్పి వెళ్ళారు. పట్టీ దాటిన వెంటనే ఉన్న నేలను ఇళ్ళ స్థలాలకని పేదలకు పంచింది సర్కారు. ఎవరికీ వద్దన్న నేలే కదా వాళ్ళకు దక్కేది! అలా పెదకోడులంక అంచున వెలిసిందే సిలువపేట. ఆ పేటలో లైనుకు అందరికన్నా దగ్గరి ఇల్లు సువార్తమ్మది. ఆమె మొగుడు దేవదానం, విస్సంరాజు గారి రొయ్యల చెరువుల కాపలాదారు.

రొయ్య రేటు చుక్కలంటిన ఏడాది రాజుగారికి పట్టీ అడ్డమనిపించింది. చెరువును పెద్దది చేయడానికి పొక్లెయిన్ తెప్పించాడు. దాని ఇనపపళ్ళు నా వీపు మీద దిగాయి. పైనున్న పూత ఒలిచినట్టు ఊడింది. ఉక్కు చీరుకుపోయి, చీరిన చోట కండ గట్టిపడి బిగుసుకుపోయింది. సువార్తమ్మ అక్కడే మట్టితట్ట మోస్తోంది.

"అయ్యబాబోయ్! రాజుగారండీ, గొట్టానికి తగిలిందండీ!"

"తగిల్తే? పగల్లేదుగా? మట్టెయ్యండెహె. నేను చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు."

"గొట్టం చూసుంటాదేమోనండి," అన్నాడు దేవదానం. అందరూ పగలబడి నవ్వారు, రాజుగారు కూడా. పట్టీలో తవ్వితే కేసవుతుంది కాబట్టి కంపెనీకి ఎవరూ కబురు పెట్టలేదు. కప్పేశారు.

నిజం నిజంలా చెప్పాలి. ఆ గాటుతో నేను పేలలేదు. అప్పుడు నాలో పారిన సహజవాయువు మొద్దు సరుకు. ఉక్కులోకి దూరే తెలివి దానికి లేదు. గాటుతోనే ఏళ్ళపాటు దాన్ని మోశాను. పైన రొయ్యలు పెరిగాయి, అమ్ముడుపోయాయి, మళ్ళీ పెరిగాయి.

అప్పుడు హైడ్రోజన్ వచ్చింది. పొగ రాని ఇంధనం, దాన్ని పాత వాయువులో కలిపి పాత లైనులోనే పంపుదాం అన్నారు. హైడ్రోజన్‌తో నాకు పగ లేదు. పొగలేని రోజులు రావాలి, రానివ్వండి. కానీ లోకంలో దానికన్నా చిన్న సరుకు లేదు. ఉక్కులోకి చెదపురుగులా దూరుతుంది. గాటున్న చోట గుమిగూడి ఉక్కును పెళుసు చేస్తుంది. ఈ సంగతి మీ పుస్తకాల్లోనే ఉంది. మరి అనుమతి ఎలా వచ్చింది?

ఇలా వచ్చింది. గొట్టాలకు అనుమతిచ్చే ఆఫీసు "లైను పాతదే కదా, లోపలి సరుకు మారితే మాకేం పని" అంది. సరుకుకు అనుమతిచ్చే ఆఫీసు "కలిపే స్టేషన్ ప్రహరీ దాకే మాది, గోడ దాటితే గొట్టం వాళ్ళది" అంది. గోడ దాటాక ఉన్నది సిలువపేట. అది ఎవరిదీ కాలేదు. కొత్తగా గొట్టం పాతితే ఊరివాళ్ళ అభ్యంతరాలు రాసుకోవాలట. పాత గొట్టంలో కొత్త వాయువు తోస్తే అక్కర్లేదట. ఇంటికి తలుపు మార్చితే పంచాయతీకి చెప్పాలి గానీ, ఇంట్లోకి పులిని తెచ్చుకుంటే చెప్పక్కర్లేదన్నట్టు!

ఒక్క షరతు మాత్రం పెట్టారు. లైనులోని ఉక్కును హైడ్రోజన్‌లో ఉంచి పరీక్షించాలి. నన్ను తవ్వి కోయాలంటే లైను ఆపాలి. లైను ఆపితే అవతల ఎరువుల కర్మాగారం ఆగుతుంది. కాబట్టి యార్డులో పడుకున్న నా తమ్ముణ్ణి కోశారు. అదే పోత, అదే మందం, అదే నంబరు. కాగితం మీద వాడే నేను. వాడికి బురద తెలీదు, ఉప్పునీరు తెలీదు, పొక్లెయిన్ పన్ను అసలే తెలీదు. నున్నటి ఒంటితో వెళ్ళి పరీక్ష నెగ్గాడు. వాడు నెగ్గాడని నన్ను పనిలోకి దింపారు. మీ పిల్లల పరీక్షల్లో ఒకడి బదులు ఇంకొకడు కూర్చుంటే పోలీసుల్ని పిలుస్తారే! ఇక్కడ చప్పట్లు కొట్టారు.

తర్వాత బడి ఆవరణలో షామియానా వేసి మీటింగు పెట్టారు. వచ్చినవాళ్ళకల్లా ఆకుపచ్చ టోపీ, మజ్జిగ ప్యాకెట్టు. కంపెనీ మేనేజరు శ్రీకర్ మాట్లాడుతుండగానే సువార్తమ్మ లేచింది.

"అయ్యా, మా ఇంటికాడ గొట్టానికి పొక్లెయిన్ గాటు పడిందండి. నా కళ్ళతో చూశానండి. కొత్త గ్యాసు వదిలే ముందు అక్కడ ఓపాలి తవ్వి చూడండి."

"అమ్మా, ఇది అభ్యంతరాలు తీసుకునే సభ కాదు. అవగాహన సదస్సు."

"నాకు అవగాహన ఉందండి. మీకు లేదనే చెప్తన్నా."

జనం ఘొల్లుమన్నారు. ముందు వరస కుర్చీలోంచి విస్సంరాజు గారు తల తిప్పాడు. "ఏటే సువార్తా, పెద్ద ఇంజినీరువైపోయావే? మజ్జిగ తాగి కూకో."

దేవదానం పెళ్ళాం చెయ్యి పట్టుకు లాగాడు. "కూకోయే తల్లీ. పన్లోంచి తీసేత్తారు."

"పని పోతే ఇంకో చెరువు దొరుకుద్ది. నువ్వు పోతే ఇలాటి ఎర్రిబాగుల మొగుణ్ణి ఎక్కడ తెచ్చుకునేది?"

మళ్ళీ నవ్వులు. శ్రీకర్ కూడా నవ్వాడు. సభ ఏ మాటా రాసుకోలేదు, రాసుకోవాలని రూలు లేదు కనుక. లైను లోపల ఎప్పటికప్పుడు యంత్రం పంపి చూస్తున్నామని ఆయన చెప్పాడు. ఆ యంత్రం నా గాటును చూసే ఉంది. పాత వాయువు లెక్కన అది ఫరవాలేని గాటే. హైడ్రోజన్ లెక్కన మళ్ళీ చూడమని ఎవరూ అడగలేదు.

సువార్తమ్మ తాసిల్దారు దగ్గరికి వెళ్ళింది. గ్యాసు మా శాఖ కాదమ్మా అన్నాడు. వాయువు వదిలే రోజున పేట ఆడవాళ్ళను వెంటేసుకుని వాల్వు స్టేషన్ గేటుకు అడ్డం కూర్చుంది. "తవ్వండి, చూడండి, ఆ తర్వాత వదలండి" అన్నది ఒక్కటే మాట. పోలీసు జీపులు దిగాయి. లాఠీలు లేచాయి. కాన్పై నెలైనా కాని ఒక కోడలిపిల్లను జుట్టు పట్టి ఈడ్చారు. సువార్తమ్మ గేటు ఊచను వదలకపోతే, వదిలేదాకా ఆ చేతి మీదే కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నేల కింద నాకు వినిపించింది. ఆ వెనకే వాల్వు తిరిగిన చప్పుడు.

వచ్చింది హైడ్రోజన్. తిన్నగా గాటు దగ్గరికే వచ్చింది. పగలు ఒత్తిడి పెంచేవారు, రాత్రి దించేవారు. పెంచినప్పుడల్లా గాటు అడుగున ఒక గీత నోరు తెరిచేది. తెరిచిన నోట్లోకి అది దూరేది. పళ్ళు లేకుండా కొరకడమంటే ఏమిటో నాకు తెలిసింది. నేను కేకలు వేశాను. ఉక్కు కేకలు వినాలంటే నేల తవ్వాలి కదా.

వరికోతల ముందు ఒక తెల్లవారుజామున ఆ గీత బయటికి తెగింది. చెరువు గట్టు అడుగునుంచి వాయువు తన్నుకొచ్చి, నీళ్ళలో బుడగలై లేచింది. రొయ్యలు గిలగిల్లాడుతూ పైకి తేలాయి.

రొయ్య తేలిందంటే నీళ్ళలో ఆక్సిజన్ చచ్చిందని చెరువుల మీద బతికే ప్రతివాడికీ తెలుసు. క్షణం ఆలస్యమైతే పంటంతా పోతుంది. కనుక ఏరేటర్లు వెయ్యాలి, నీళ్ళను చిలకాలి. దేవదానం అదే చేశాడు. "రాజుగారండీ, రొయ్య తేలిందండీ!" అని ఫోనులో అరుస్తూ మోటారు స్టార్టరు దగ్గరికి పరుగెత్తాడు. తన చెరువు కాకపోయినా తన పంటలాగే పరుగెత్తాడు. మీట నొక్కాడు.

ఒక్క రవ్వ లేచింది. అంతే.

గాలే అంటుకుంది. ఆ దెబ్బకు నేను నిలువునా చీలి, మట్టిని, గట్టును, కొబ్బరిచెట్లను ఆకాశంలోకి విసిరేస్తూ లేచాను. చెరువు నీళ్ళు సలసల కాగాయి. పేట ఇళ్ళ రేకులు కాగితాల్లా ముడుచుకున్నాయి. బయటికి పరుగెత్తినవాళ్ళు పరుగెత్తిన చోటే కాలారు, లోపల దాక్కున్నవాళ్ళు దాక్కున్న చోటే. విరిగిన చెయ్యి అతుక్కోక అమలాపురం ఆసుపత్రిలో చేరి ఉండబట్టి సువార్తమ్మ మిగిలింది. దేవదానం మిగల్లేదు. అతను ఎవరో చెప్పింది మొలతాడుకున్న తాళంచెవి.

జనం విస్సంరాజు గారిని మేడ మీంచి ఈడ్చుకొచ్చారు. కొట్టారు. నోట్లోంచి నెత్తురు కారేదాకా, ఇక చచ్చాడనుకునేదాకా కొట్టారు. సువార్తమ్మ ఆటో దిగి, కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టి గుంపులోకి దూసుకెళ్ళింది.

"ఆపండ్రా! ఈణ్ణి సంపేత్తే గాటు సంగతి ఎవడు చెప్తాడు? నా మాట ఎవడిన్నాడు? ఈడి మాటయితే ఇంటారు!"

ఎంత నిజం పలికింది! రాజుగారు విచారణాధికారి ముందు చెప్పాడు. గాటు పడిందన్నాడు, కప్పించానన్నాడు. ఏడుస్తూ అంతా చెప్పాడు. కంపెనీ వకీలు లేచి నిలబడి ఆయనకు దణ్ణం పెట్టినంత పని చేశాడు. "చూశారా! బయటివాడు చేసిన నష్టం. హైడ్రోజన్ తప్పేం లేదు, అనుమతిలో లోపం లేదు." రాజుగారి వకీలేమో, గాటు ఏళ్ళనాటిది, హైడ్రోజన్ రాకముందు ఏమీ కాలేదే, తప్పు వాయువుదే అన్నాడు. చెరొక ముక్క నిజం పట్టుకుని కొట్టుకుంటున్నారు. గాటు ఒక్కటే చంపలేదు, వాయువు ఒక్కటే చంపలేదు. రెంటినీ కలిపి చూడాల్సిన చోట ఎవరూ చూడకపోవడం చంపింది.

నన్నిప్పుడు పోలీస్ స్టేషన్ వెనక, పట్టుబడిన మోటార్ సైకిళ్ళ పక్కన పడేశారు. మెడలో చీటీ కట్టారు. నేను సాక్ష్యాన్నట. నా చోట కొత్త గొట్టం అతికించేశారు. తక్కిన లైనంతా అలాగే ఉంది. పాత అనుమతే చెల్లుతుందని సోమవారం వాల్వు తిప్పడానికి వస్తున్నారు. మొగుణ్ణి పూడ్చిన మట్టి ఆరకముందే సువార్తమ్మ మళ్ళీ ఆ గేటు ముందు కూర్చుంది. ఈసారి తాసిల్దారు కుర్చీ వేయించాడు. ఆమె కింద కూర్చునే ఉంది.

ఇంక వినండి. వాల్వు మీద చెయ్యి వెయ్యకండి. ఈ లైను మీద చెరువు గట్టు పడిన ప్రతిచోటా తవ్వండి. నేల కింద నలిగిన గొట్టాన్నే కోసి, దాని గాట్లతో సహా హైడ్రోజన్‌లో పెట్టి పరీక్షించండి. యార్డులో నిద్రపోతున్న గొట్టాన్ని ఇంకోసారి తెస్తే దాన్ని మీ మొహాన కొట్టే రోజొస్తుంది. గొట్టానికీ వాయువుకీ కలిపి ఒకే అనుమతి ఉండాలి, దాని కింద ఒకే మనిషి పేరుండాలి, ప్రాణాలు పోతే ఆ మనిషి బోనెక్కాలి. పక్కన బతికేవాళ్ళ అభ్యంతరం రాసుకుని, రాతలో జవాబివ్వనిదే ఒక్క బుడగ కూడా కదలకూడదు. పత్తేపాలెంలో, రామన్నలంకలో, ఇంకా నాకు పేరు తెలియని పేటల్లో, ఇలాంటి గాటు మీదే ఎవరో పొయ్యి వెలిగించుకుంటున్నారు.

కమిటీలు తర్వాత వేసుకోండి. ముందు పారలు తెండి.