తూనీగ కుట్టిన సోఫా

పెద్ద వరద వచ్చిన నాలుగో ఏడు ఇది జరిగింది. ఆ వరద ఊరందరికీ కష్టం తెచ్చింది, నాకు మాత్రం పని తెచ్చింది. నానిపోయిన సోఫాలన్నీ నా షాపుకే వచ్చాయి. ఒక్కడినే చేయలేకపోయాను. మా అమ్మాయి అప్పుడే మూడో ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంది. "ఊరికే కూర్చునేకంటే వచ్చి మేకులు పీకు" అన్నాను. వచ్చింది, పీకింది, ఉండిపోయింది.

దాన్ని ఇంట్లో తూనీగ అంటాం. ఒక చోట వాలదు. ఫోము కోస్తూ కోస్తూ లేచి స్ప్రింగులు కడుతుంది. స్ప్రింగులు కడుతూ కిటికీలోంచి పిల్లిని చూస్తుంది. పిల్లి వెనకాలే వీధి చివరిదాకా వెళ్లి, అక్కడ రంగుల కొట్టాయనతో కబుర్లాడి, తిరిగి వచ్చి, "నాన్నా, నేనేం చేస్తున్నాను?" అని నన్నే అడుగుతుంది. చేయి కుదిరిందంటే మాత్రం తిండీ నీళ్లూ గుర్తుండవు. అంచు కుట్టు దానిలా వేసేవాళ్లను నేను చూడలేదు. నాకు చూపు తగ్గింది. షాపు దానికే అప్పజెప్పాలని నా ఆశ. ఆ మాట దానితో ఎప్పుడూ అనలేదు. మాటలు నాకు చేతకావు.

దానికి ముప్పై దాటాక డాక్టరు చూసి రెండు పేర్లు చెప్పాడు. ఒకటి ఏడీహెచ్‌డీ, ఇంకోటి యాంగ్జైటీ. అది ఇంటికొచ్చి వాళ్లమ్మకు తన లెక్కలో చెప్పింది.

"అమ్మా, నా బుర్రలో ఇద్దరు తోడికోడళ్లు కాపురం పెట్టారట. చిన్నది పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి పోతుంది. పెద్దది పొయ్యి ఆర్పేసి కూడా ఇల్లు తగలబడిందేమోనని ఏడుస్తుంది. ఇద్దరికీ క్షణం పడదు."

"మాత్రలు ఏ కోడలికిచ్చాడే?" అంది మా ఆవిడ.

"చెరొకటి."

"ఇవాళ్టివి వేసుకున్నావా?"

తూనీగ కాసేపు ఆలోచించింది. "వేసుకున్నాననే అనుకుంటున్నా. వేసుకోలేదేమోనని భయంగా ఉంది."

ఆ భయంతో షాపులోనూ తిప్పలు పడ్డాం. ఒకసారి కత్తెర లోపల పెట్టి కుట్టేశానని ఒకాయన సోఫా మొత్తం విప్పించింది. తీరా చూస్తే కత్తెర తాడుతో దాని మెడలోనే వేలాడుతోంది. ఆయన ఇప్పటికీ నేను ఎదురైతే తన మెడ తడుముకుని మరీ నవ్వుతాడు.

ఆ నాలుగో ఏట పళ్ల డాక్టరమ్మ తన ఆస్పత్రి ముందుగదిలోకి ఒక సోఫా కట్టమంది. మొదటి నుంచీ చివరిదాకా తూనీగే కట్టింది. పొద్దున బండిలో పంపించాం. మధ్యాహ్నం అది చేస్తున్న పని ఆపి లేచి నిలబడింది.

"నాన్నా, వంపు సూది ఏదీ?"

మూలలు కుట్టే సూది అది. జానెడు ఉంటుంది, నెలవంకలా వంగి ఉంటుంది.

"ఎక్కడో ఉంటుంది."

"సోఫాలో ఉంది."

"మెడ చూసుకో" అన్నాను.

"చూసుకున్నా. జడ కూడా విప్పి చూసుకున్నా. నాన్నా, ఎవరన్నా కూర్చుంటే?"

షాపంతా తిరగేసింది. దారపు ఉండలు, గుడ్డ ముక్కలు, నా అన్నం డబ్బా కూడా.

"ఇప్పుడే వెళ్దాం. సూది లేకపోతే నేను ఉత్త పిచ్చిదాన్ని. ఉంటే జనం ప్రాణాలు తీసేదాన్ని. ఏదైనా సరే, రేపట్నుంచి నేను షాపుకి రాను. ఇదే ఆఖరు."

పట్టకారు జేబులో వేసుకుని స్కూటరు తీశాను. సగం దారిలో వెనక నుంచి, "తాళం వేశామా?" అంది. వెనక్కి తిప్పాను. వేశాం.

ఆస్పత్రి ముందుగది నిండా జనం. మా సోఫాలో కుడి చివర ఒకాయన వాచిన చెంప చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య.

"లేవండి, లేవండి!" అంది తూనీగ.

"నా నంబరు వచ్చిందా?"

"నంబరు కాదండీ, సూది!"

"సూది ఇక్కడే పొడుస్తారా? లోపల కదా?" ఆయన ముఖం పాలిపోయింది.

"మీరు లేవకపోతే ఇక్కడే పొడుస్తుంది!"

ఆయన ఒక్క గెంతులో గోడ దగ్గరికి చేరాడు. "ఇంట్లోనే లవంగం పెట్టుకోండంటే విన్నారా?" అంది భార్య.

గోలకు డాక్టరమ్మ మాస్కు కిందికి లాగుతూ బయటికి వచ్చింది. తూనీగ మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పింది. సూది, దారం, మూల, కత్తెర సంగతి, తోడికోడళ్లు, అన్నీ. డాక్టరమ్మకు సగం కూడా అర్థం కాలేదు. నా వైపు తిరిగింది.

"నిజంగా ఉందా పెద్దాయనా?"

లేదనే నా నమ్మకం. కత్తెర కథే ఇది కూడా. కానీ తూనీగ నా ముఖం చూస్తోంది.

"విప్పితే తెలుస్తుంది" అన్నాను.

"ఇంతమంది కూర్చుని ఉన్నారు కదయ్యా."

"నిలబడతారు."

నలుగురు పట్టి సోఫా బోర్లించారు. కింది నల్లగుడ్డ పిన్నులు నేను పీకాను. తూనీగ చెయ్యి లోపల పెట్టింది. మోచేతిదాకా పోయింది. ఎడమ చివర ఏమీ లేదు. మధ్యలో ఏమీ లేదు. ఎవరో నవ్వారు. దాని చెవులు ఎర్రబడ్డాయి. కుడి చివర చెయ్యి ఆగిపోయింది.

మెల్లిగా బయటికి తీసింది. వంపు సూది. తోక దారం ఇంకా దానికే ఉంది. ఫోముకూ స్ప్రింగుకూ మధ్య, మొన పైకి పెట్టుకుని ఉందట.

చెంప వాచినాయన చెంప వదిలేసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వు రాకపోతే మాకెవరికీ తెలిసేది కాదు" అంది డాక్టరమ్మ. "నయం, గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చావు. లోపల నావి మూడు కుర్చీలున్నాయి, అవి కూడా నువ్వే కట్టమ్మా."

"నేను మానేశానండి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

నల్లగుడ్డ మళ్లీ బిగించి వచ్చేశాం. ఎంత చెప్పినా ఆ చెంపాయన కూర్చోలేదు. నంబరు వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

ఇంటికొచ్చాక తూనీగ మూల కుర్చీలో ముడుచుకుంది. "చూశావా నాన్నా, ఉంది" అంది. ఉన్నందుకు ఏడుస్తోంది. ఉందని కనిపెట్టింది కూడా తనే కదా, ఆ సంగతి చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏదో ఒకటి అనండి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

"రేపు వస్తావా?" అన్నాను.

"రానని చెప్పాగా."

మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి షాపు తెరిచాను. ఎదురు గోడ ఖాళీ చేసి మేకులు కొట్టాను. సుత్తి, కత్తెరలు, పట్టకార్లు, సూదులు, దానివీ నావీ ఒక్కొక్కటే గోడకు ఆనించి, చుట్టూ నీలం రంగుతో గీత గీయడం మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి గుమ్మంలో తూనీగ.

"పనికి రాలేదు" అంది ముందే. "నిన్న ఇక్కడి ఇస్త్రీపెట్టె ఆపానో లేదోనని ఒక్కటే దడ. చూసి పోతా."

చూసింది. ఆపే ఉంది. వెళ్లబోతూ గోడ చూసింది.

"ఇవేంటి నాన్నా, దయ్యాలా?"

"పనిముట్ల చోట్లు. ఒక్క బొమ్మ ఖాళీగా ఉన్నా సోఫా అడుగు మూయకూడదు. నువ్వైనా, నేనైనా."

అంత పొడుగు మాట నా నోట ఎప్పుడూ వినలేదేమో, నోరు తెరుచుకుని నిలబడింది. తర్వాత గోడ దగ్గరికి వచ్చి తల వంచి చూసింది.

"ఇది సుత్తా? తాబేలులా ఉంది. ఇలా ఇవ్వు."

బ్రష్షు లాక్కుని సుత్తి బొమ్మ సరిచేయబోయింది. పిడి దాకా గీసింది. అంతలో దాని కన్ను పక్కనున్న సగం కట్టిన కుర్చీ మీద పడింది. "దీని స్ప్రింగు ఇంత వదులుగా ఎవరు కట్టారు?" అంటూ బ్రష్షు బల్ల మీద పడేసి కింద కూర్చుంది. తను కట్టిందే. విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. మానేసిన సంగతి మరిచిపోయింది.

నేను గుర్తు చేయలేదు. బ్రష్షు తీసుకుని సుత్తి తలకాయ నేనే గీశాను.